మిల్లీగ్రాము వేరు, మిల్లీలీటరు వేరు



ఇంటర్ తర్వాత రెండేళ్ళ డి.ఫార్మసీ కోర్సులో చేరిన మన యౌవనస్థులు కొందరు కెమిస్ట్రీలో మందుల పేర్లు బాగానే బట్టీ పడతారు గాని, లెక్క అనేసరికి భయపడతారు. నిజానికి మందుల గది కిటికీ దగ్గర రోజూ కావలసినది చిన్న తరగతుల గుణకారం, భాగహారమే. ఈ లెక్క ఇంట్లో తల్లులకు తెలిసినా ఎంతో మేలు. అందుకే ఈ పాఠం ఇద్దరికీ కలిపి రాస్తున్నాము.

మిల్లీగ్రాము మందు బరువు. మిల్లీలీటరు సీసాలోనుండి మనం పోసే ద్రవం కొలత. గ్లాసు నీళ్ళలో ఒక చెంచా పంచదార వేసినా, నాలుగు చెంచాలు వేసినా గ్లాసు ఒకటే, తీపి మాత్రం ఒకటి కాదు. దీనినే రసాయన శాస్త్రంలో గాఢత అంటారు. సీసా మీద "ప్రతి 5 మి.లీ.లో 125 మి.గ్రా." అని ఉండేది ఇదే.

జ్వరానికి వాడే పారాసిటమాల్‌నే చూడండి. 125 సిరప్‌లో ఒక మి.లీ.కు 25 మి.గ్రా. మందు ఉంటుంది. 250 సిరప్‌లో 50 ఉంటుంది. పసిపిల్లల డ్రాప్స్‌లో సాధారణంగా ఒక మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటుంది. చిన్న సీసా గనుక తేలిక మందు అని చాలామంది అనుకుంటారు. అన్నిటిలో చిక్కనిది అదే!

బిడ్డ బరువు 10 కిలోలు అనుకుందాం. కిలోకు 15 మి.గ్రా. చొప్పున ఒక మోతాదు 150 మి.గ్రా. దానిని గాఢతతో భాగిస్తే 125 సిరప్ 6 మి.లీ., 250 సిరప్ 3 మి.లీ., డ్రాప్స్ 1.5 మి.లీ. వస్తాయి. ఇంట్లో సిరప్ అయిపోయి, డ్రాప్స్ సీసా తీసి అలవాటు చొప్పున 6 మి.లీ. పోస్తే బిడ్డ కడుపులోకి 600 మి.గ్రా. వెళ్తుంది. అంటే నాలుగు రెట్లు. ఇలా పూటపూటకూ జరిగితే కాలేయం దెబ్బతింటుంది, మొదటి రోజు పైకి ఏమీ కనబడకపోవచ్చు కూడా. అలా పొరపాటున పోస్తే వాంతుల కోసం ఎదురుచూడక, సీసాతో సహా ఆసుపత్రికి రండి.

మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం 4 గంటలు ఉండాలి, రోజుకు 4 సార్లు మించకూడదు. జలుబు సిరప్‌లు కొన్నిటిలో కూడా పారాసిటమాల్ ఉంటుంది, అది కూడా లెక్కలోకే వస్తుంది. మూడు నెలల లోపు పసికందుకు జ్వరం వస్తే లెక్కలు వేయకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. వంటింటి చెంచాలు ఇంటికొక సైజు. సీసాతో వచ్చిన కొలత మూత గాని, సూది లేని సిరంజి గాని వాడండి.

ఓ.ఆర్.ఎస్. పొడికీ ఇదే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం పెద్ద ప్యాకెట్టులో గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, సిట్రేటు 2.9, మొత్తం 20.5 గ్రాములు. ఇది సరిగ్గా ఒక లీటరు నీటికి. అర లీటరులో కలిపితే ఉప్పు రెండింతలు చిక్కబడి, విరేచనాలతో నీరసించిన బిడ్డకు హాని చేస్తుంది. పొడిని చెంచాతో కొంచెం కొంచెం తీసి కలపడమూ మంచిది కాదు. తక్కువ కావాలంటే 200 మి.లీ.ల చిన్న ప్యాకెట్టు అడగండి.

బిడ్డను ప్రతిసారీ తూకం మీద ఎందుకు కూర్చోబెడతారని కొందరు విసుక్కుంటారు. లేవీయకాండము 19వ అధ్యాయంలో న్యాయమైన తూకం గురించి ఉన్నది బజారుకు చెప్పినదే అయినా, మందుల గదికీ వర్తిస్తుందని మాకనిపిస్తుంది. మందుల చీటీలో బరువు లేకపోతే, మందు ఇచ్చే వ్యక్తి తప్పక అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి.

ఇప్పుడు మీకొక లెక్క. బిడ్డ బరువు 8 కిలోలు, చేతిలో ఉన్నది 250 సిరప్. ఎనిమిది పదిహేనులు 120 మి.గ్రా. దానిని 50తో భాగిస్తే 2.4 మి.లీ. 5 మి.లీ. సిరంజి మీద ఒక్కొక్క చిన్న గీత 0.2 మి.లీ. కాబట్టి, 2 అంకె దాటిన తర్వాత రెండవ గీత వరకు తీయాలి.