బోరు లోతు తెలియనివాడికి యాప్ ఎందుకు?

అనంతపురంలో ఇంటర్ ఫలితాలు వస్తే చాలు, తల్లిదండ్రులది ఒకటే మాట: "సార్, మావాణ్ని ఏఐలో చేర్పిస్తాం." వాడికి లెక్కలంటే ఇష్టమా అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అదే ఒక అమ్మాయి పల్లెల్లో పనిచేసే సంస్థలో చేరతానందనుకోండి, "దానికి బీటెక్ ఎందుకు?" అని ఇంట్లో రచ్చ. టెక్నాలజీ అంటే బెంగళూరు, సేవ అంటే ఉద్యోగం దొరకనివాళ్ల పని అన్న ఈ లెక్క శుద్ధ తప్పు.

రుజువు మన జిల్లాలోనే ఉంది. ఏపీఫామ్స్ ప్రాజెక్టులో అనంతపురం సహా 7 జిల్లాల రైతులు వానను, బోర్లలో నీటిమట్టాన్ని తామే కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చొని ఉన్న నీరెంత, ఏ పంటకు ఎంత పడుతుందని లెక్క తీశారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) తోడ్పాటుతో బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ దీన్ని నడిపింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేల మీద ఇంతకన్నా పనికొచ్చే డేటా సైన్స్ ఏముంటుంది?

రికిన్ గాంధీ సంగతి చూడండి. అమెరికాలో ఎంఐటీలో ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చదివాడు, వ్యోమగామి కావాలనుకున్నాడు. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో 2006లో మొదలుపెట్టిన పని తర్వాత డిజిటల్ గ్రీన్ అనే లాభాపేక్ష లేని సంస్థ అయింది. చేసిందేమిటి? రైతులతోనే చిన్న వీడియోలు తీయించి, చిన్న ప్రొజెక్టర్‌తో పక్క ఊళ్ల రైతులకు చూపించడం. వీడియో చూసినవాళ్లు ముందు అడిగేది ఆ రైతు పేరేమి, ఊరేది అని. తనలాంటివాడు చెబితేనే రైతు నమ్ముతాడు. ఈ సంగతి ఏ కోచింగ్ సెంటరూ నేర్పదు. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలోనూ ఈ సంస్థ వీడియోలు వాడారు.

ఇక హెచ్చరికలు. పల్లెల కోసం టెక్నాలజీ అనే ఈ రంగానికి గిరాకీ ఉందని తెలిసి 'సోషల్ ఇంపాక్ట్', 'ఏఐ ఫర్ గుడ్' పేర్లతో సర్టిఫికెట్ కోర్సులు పుట్టుకొచ్చాయి. వేరుశనగ పంట దెబ్బతిన్న ఏడాది నగలు కుదువబెట్టి వాటికి ఫీజు కట్టకండి. పల్లెలో ఆరు నెలలు తిరిగినవాణ్నే మంచి సంస్థ ఎంచుకుంటుంది, సర్టిఫికెట్‌ను కాదు. అమీర్‌పేట కోర్సులు పూర్తిచేసి పల్లె మొహం చూడని కుర్రాడు యాప్ చేస్తే, అది ఫోన్లో ఉంటుంది, పొలంలో ఉండదు.

రెండోది డబ్బు. జీతాలు ఐటీ స్థాయిలో ఉండవు, ఇది దాచడం నాకిష్టం లేదు. పైగా చాలా సంస్థలు విదేశీ విరాళాల మీదే నడుస్తాయి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికొచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థకి 2025లో విదేశీ విరాళాల అనుమతి విషయంలో చిక్కొస్తే జిల్లా రోడ్డెక్కింది. అంత వేరూనిన సంస్థకే ఆ ఇబ్బందంటే, ఇరవై రెండేళ్లకే సొంత ఎన్జీవో రిజిస్టర్ చేస్తానంటున్న మీ అబ్బాయిని కాస్త ఆపండి. ముందు నాలుగేళ్లు ఎవరి దగ్గరైనా పనిచేయనివ్వండి. దారి తనకే దొరుకుతుంది.

అర్హతలంటారా, ఏ డిగ్రీ అయినా సరిపోయే దారులే ఎక్కువ: ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్, బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్), మన ఎస్కే యూనివర్సిటీ రూరల్ డెవలప్‌మెంట్ విభాగం. నా మొగ్గు ఫెలోషిప్ వైపే: చేతిలో భత్యం, కాళ్లకింద ఊరు.

ఇంటి మీద అప్పున్నవాళ్లు మాత్రం మొదట జీతమొచ్చే ఉద్యోగమే చేయండి, తప్పేం లేదు. సెలవుల్లో మీ ఊరి పది బోర్ల నీటిమట్టం కొలిచి రాసిపెట్టండి. ఫెలోషిప్ ఇంటర్వ్యూకి ఆ నోటుబుక్కు పట్టుకెళ్లండి.