పాత ట్యాంకులో గాలి నింపవచ్చునా?

విద్యార్థులారా! నర్సీపట్నంలో బండి చక్రాలకు గాలికొట్టే దుకాణాల్లో కంప్రెసరు ట్యాంకును చూసే ఉంటారు. ఎక్కడో దొరికిన పాత ట్యాంకుకు రంగువేసి గాలి నింపితే సరిపోదా?

లెక్క వేయండి. లోపలి పీడనం చదరపు సెంటీమీటరుకు 7 కిలోలనుకుందాం. అరచేయంత చోటును, అనగా 100 చదరపు సెంటీమీటర్లను, 700 కిలోల బలం బయటికి నెడుతుంది!

గాలిని కుదించి చల్లబరిస్తే అందులోని ఆవిరి నీరై అడుగున చేరుతుంది. తుప్పు రేకును లోలోపలే తినివేస్తుంది. అందుకే రోజూ అడుగు కుళాయి తిప్పి నీరు తీసివేయాలి.

ట్యాంకు బలాన్ని పరీక్షించేది నీటితో; గాలితో కాదు. నీరు దాదాపు కుదించుకుపోదు గనుక, రేకు చీలినా పీడనం వెంటనే పడిపోతుంది. గాలి అలా కాదు. ఒక్కసారిగా వ్యాకోచించి ఇనుప ముక్కలను విసురుతుంది. కనుక పరీక్ష జరగని పాత ట్యాంకును గాలికి వాడరాదు.