గల్లీలో మిమ్మల్ని అడిగేవాళ్లున్నారా?

రేపు పొద్దున మీరు గడప దాటలేదనుకుందాం. ఎల్లుండి కూడా దాటలేదు. ఇంట్లోవాళ్లను పక్కన పెట్టండి. “ఏమైంది, రెండు రోజులాయె, మనిషి అవుపడ్తలేడు?” అని బయట ఎంతమంది అడుగుతారు? పాలాయన, మెడికల్ షాపు కుర్రాడు, గుడి దగ్గర కూర్చునే ఇద్దరు ముగ్గురు... వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. ఒక చేతి వేళ్లకు సరిపడా కూడా లేరంటే, మీ వయసు అరవై అయినా నలభై అయినా, షుగర్ రిపోర్టు కంటే ముందు ఈ సంగతి చూసుకోవాలి.

ఏదో మనసు కుదుటపడటానికి చెప్పే మాట కాదిది. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ అనే అమెరికన్ పరిశోధకురాలు తన బృందంతో కలిసి 148 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసింది. అందులో 3 లక్షల పైచిలుకు మంది వివరాలున్నాయి. నలుగురితో గట్టి సంబంధాలున్నవాళ్లు బతికి ఉండే అవకాశం, లేనివాళ్ల కంటే 50 శాతం ఎక్కువని తేలింది. పొగ మానేస్తే వచ్చే లాభంతో పోల్చదగిన లాభం ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ఒంటరితనానికీ ఏటా సుమారు 8,71,000 మరణాలకూ ముడిపెట్టింది. అయినా ఏ డాక్టరూ చీటీ మీద “రోజూ ముగ్గురితో మాట్లాడండి” అని రాసివ్వడు. మనమే రాసుకోవాలి.

ఈ మందు ఎక్కడ దొరుకుతుందో చూడాలంటే సాయంత్రం పూట హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ నుంచి లాల్ దర్వాజా, గౌలిపురా వైపు నడవండి. ఇళ్లు ఇరుకు, గల్లీలు మరీ ఇరుకు. కానీ చాలా ఇళ్ల ముందు ఇంకా చబూత్రా, అంటే అరుగు ఉంది. దాని మీద ఒక ముసలాయన, పక్కన ఇంకొకాయన. పోయేవాళ్లంతా ఏదో ఒక మాట అనేసి పోతారు. “ఏం కాకా, పానం మంచిగుందా?” “క్యా చిచ్చా, దవా లియే?” జవాబు కోసం ఎవరూ ఆగరు. అయినా ఆ కాకా ఇవాళ బతికే ఉన్నాడని, బాగానే ఉన్నాడని గల్లీ మొత్తం నమోదు చేసుకుంటుంది. రాత్రిళ్లు అరుగుల మీద బాతాఖానీ కొట్టే కుర్రాళ్లను ఇళ్లకు పంపడానికి పోలీసులు ఒకప్పుడు ‘మిషన్ చబూత్రా’ నడిపారు. కుర్రాళ్ల సంగతి వాళ్లిష్టం. డెబ్బై దాటినవాళ్లకు మాత్రం నేనైతే సర్కారు ఖర్చుతో చబూత్రాలు కట్టించమంటాను.

పాతబస్తీలో జనం ఎక్కువకాలం బతుకుతారని చెప్పబోవడం లేదు. అక్కడ నడవడానికి ఫుట్‌పాత్ లేదు, గాలి మంచిది కాదు, ఆడుకునే మైదానాలూ తక్కువే. నూటపదేళ్ల తాతల కథలు కూడా నేను ఒక పట్టాన నమ్మను. పుట్టిన తేదీ కాగితం మీద లేని తరంలో, నిజాం పాలన ముగిసిన పోలీస్ యాక్షన్ నాటికి ఎంత వయసో గుర్తుచేసుకుని లెక్కలు కట్టేవారు. ఆ లెక్కల్లో ఐదారేళ్లు అటూఇటూ కావడం మామూలే. జపాన్ ఒకినావా, ఇటలీ సార్డీనియా లాంటి దీర్ఘాయుష్షు ప్రాంతాల మీద కూడా సాల్ జస్టిన్ న్యూమన్ అనే పరిశోధకుడు ఇలాంటి అనుమానమే లేవనెత్తాడు. వయసు రికార్డులే తప్పుల తడకలన్నది ఆయన వాదన. కాబట్టి వందేళ్ల మాట వదిలేద్దాం. ఎనభైలో మన పని మనం చేసుకోగలగడం, మనల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉండటం. ఆశపడాల్సింది వీటి గురించి.

ఇక్కడ మన నగరం ప్రపంచానికి చెప్పిన ఒక సంగతి ఉంది. మనకే సరిగ్గా తెలియదు. పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా వచ్చిన 648 మంది వివరాలను పరిశీలించింది. 2013లో అది ‘న్యూరాలజీ’ పత్రికలో అచ్చయింది. ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే, రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడి మొహం చూడనివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. అంటే చదువు వల్ల వచ్చిన లాభం అని కొట్టిపారేయలేం. ఇలాంటి అధ్యయనాలు అన్నిచోట్లా ఒకే ఫలితం ఇవ్వలేదు. భాషే కారణమని ముద్ర వేసెయ్యడం కూడా తొందరపాటే. కానీ హైదరాబాద్‌లో చేసిన పరిశీలన కాబట్టి మనం కాస్త ఎక్కువసేపు ఆలోచించాలి.

పాతబస్తీ మనిషి రోజును చూడండి. ఇంట్లో తెలుగు. గల్లీ చివర కూరగాయల బండి దగ్గర దక్కనీ ఉర్దూ. పత్తర్‌గట్టీలో బట్టల బేరం మళ్లీ దక్కనీలోనే. గుడిలో తెలుగు. మనవడి ట్యూషన్ టీచరుతో సగం ఇంగ్లిష్. ఒకే వాక్యంలో రెండు భాషలు దూరడం అక్కడ ఎవరికీ వింతగా తోచదు. ఏ మాట ఎవరి దగ్గర వాడాలో క్షణంలో తేల్చుకోవడం మెదడుకు పని. ఆ పని ఆపకుండా ఉండటం మన చేతిలో ఉంది. మీరు పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్నారా? మీకు అంతంతమాత్రంగా వచ్చిన భాషను బయటికి తీయండి. పుస్తకం కొనకండి. ఆ భాష మాట్లాడే మనిషిని పట్టుకోండి. తప్పులు మాట్లాడితే నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ నవ్వుతోనే మీకొక కొత్త స్నేహితుడు దొరుకుతాడు.

డబ్బుంటే ఆయుష్షు దానంతటదే వస్తుందనుకునేవాళ్లు ఒకసారి పురానీ హవేలీకి వెళ్లి రావాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల కోసం కట్టించిన చెక్క బీరువా అక్కడుంది. బీరువా అన్నానని చిన్నదనుకోకండి, అందులో నడుచుకుంటూ పోవచ్చు. ఆయన 1911లో పోయాడు, అప్పటికి 45 ఏళ్లు. వెలిసిపోయిన షేర్వాణీ, పాత టోపీతో పిసినారిగా పేరుమోసిన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ 80 ఏళ్లు బతికాడు. తండ్రీకొడుకుల కథ ఒక్కటి పట్టుకుని ఏదీ రుజువు చేయలేం. పైగా కొడుకుగారు చార్మినార్ సిగరెట్లు బాగానే కాల్చాడు.

పొగ సంగతి వచ్చింది కాబట్టి అది కూడా తేల్చేద్దాం. “ఇంత వయసొచ్చాక ఇప్పుడు మానేసి ఏం లాభం?” అనే పెద్దమనుషులు ప్రతి ఇంట్లో ఉన్నారు. బ్రిటన్‌లో రిచర్డ్ డాల్ బృందం డాక్టర్లనే 50 ఏళ్లపాటు గమనించి 2004లో జవాబు చెప్పింది. 30లో మానేస్తే సుమారు పదేళ్లు, 50లో మానేస్తే ఆరేళ్లు, 60లో మానేసినా మూడేళ్ల ఆయుష్షు మిగులుతుంది. మూడేళ్లంటే మనవరాలి పెళ్లి చూడొచ్చు. తంబాకు పాన్ నమిలేవాళ్లు మాకేంలే అనుకోవద్దు, నోటి క్యాన్సర్ వాళ్ల కోసమే కాచుకుని ఉంటుంది.

ఇక ఒళ్లు. పాతబస్తీ ఇళ్లల్లో దస్తర్‌ఖాన్ పరిచి నేల మీద కూర్చుని తినే అలవాటు ఇంకా ఉంది. తెలుగిళ్లలో పీట వేసుకుని కూర్చునేవాళ్లూ ఉన్నారు. నమాజు చేసే ముసలాయన రోజుకు ఐదు పూటలా నేల మీదికి వంగి మళ్లీ లేస్తాడు. ఇది చిన్న విషయం కాదు. బ్రెజిల్ డాక్టర్ క్లాడియో గిల్ అరౌజో బృందం 51 నుంచి 80 ఏళ్ల మధ్యవాళ్లు రెండు వేల మందిని నేల మీద కూర్చుని లేవమంది. చేతులూ మోకాళ్లూ ఆన్చకుండా లేవలేకపోయినవాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. అదే బృందం 2022లో ఒంటికాలి పరీక్ష గురించి రాసింది. పది సెకన్లు ఒక కాలి మీద నిలబడలేనివాళ్లకు ముప్పు ఎక్కువ. గోడ పక్కన నిలబడి ఇవాళే చూసుకోండి. మోకాళ్లు అరిగినవాళ్లు నేల జోలికి పోకుండా కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోండి, ఐదారుసార్లు చాలు. అరవై ఐదు దాటినవాళ్లు వారానికి మూడు రోజులైనా తూలిపడకుండా నిలబడే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. చార్మినార్ చుట్టూ నడక మంచిదే గానీ జనం రాకముందు, పొద్దున్నే.

తిండి గురించి ఎక్కువ చెప్పను, ఇంట్లో రోజూ చెప్పేవాళ్లు ఉండనే ఉంటారు. ఒక్క మాట: రాత్రికి ఇంత పెరుగన్నం తిని పడుకుంటే పుణ్యం అనుకుంటారు మన పెద్దలు. మాంసకృత్తులు చాలక కండ కరిగిపోయేది అక్కడే. గుడ్డో, చిక్కటి పప్పో, చేపముక్కో తోడు ఉండాలి. మరి ఇరానీ చాయ్? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని ఉంది. తిండిలోని ఇనుము ఒంటికి పట్టనివ్వవట. నా సలహా ఒకటుంది: చాయ్ మానకండి, ఒక కప్పు తెప్పించి ఇద్దరు సాసర్లో పంచుకోండి. చక్కెర సగమవుతుంది, కబుర్లు రెట్టింపవుతాయి.

ఇంతవరకూ చెప్పిందంతా ఎక్కువగా మగవాళ్ల లోకం. చబూత్రా మీద, హోటల్ బల్ల దగ్గర కూర్చునేది వాళ్లే. ఆడవాళ్ల సంగతేమిటి? వంటింటికీ మంచానికీ మధ్య రోజు గడిచిపోయే అవ్వలు, ఖాలాలు ఆ గల్లీల్లోనే ఎంతమందో. వాళ్లను గడప దాటించేది తరచుగా పండగ ఒక్కటే. ఆషాఢంలో లాల్ దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాలప్పుడు చూడండి. కుండకు పసుపు ఎంత పుయ్యాలి, వేపమండలు ఎట్లా కట్టాలి, దీపం ఎక్కడ పెట్టాలి అని కోడళ్లంతా అవ్వ చుట్టూ మూగుతారు. ఆ వారం రోజులు అవ్వకు మోకాలి నొప్పి గుర్తుండదు. అడిగేవాళ్లుంటే వయసు వెనక్కి తగ్గుతుంది. లాడ్ బజార్ లక్క గాజుల పని కూడా అంతే, ఇళ్లలో చేతులు మారుతూ వచ్చిన విద్య అది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాళ్లు అద్దే మెళకువ తెలిసిన ముసలి చేతుల పక్కన ఒక పిల్ల కూర్చుంటే ఇద్దరికీ మేలు. మీ ఇంట్లో అమ్మకు ఏం వచ్చో అడిగి తెలుసుకోండి. ఆవకాయ కావచ్చు, బతుకమ్మ పాట కావచ్చు. నేర్పమని ఒకరిని తెచ్చి కూర్చోబెట్టండి. అమ్మకు విశ్రాంతి ఇస్తున్నామంటూ చేతిలోంచి చీపురూ గరిటే లాక్కునే కొడుకుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. విజయనగరం సెంచూరియన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ చిలుకూరి శాంతమ్మ 1929లో పుట్టారు. మోకాళ్లకు ఆపరేషన్లయ్యాక రెండు చేతికర్రల సాయంతో, తొంభై దాటాక కూడా క్లాసుకు వెళ్లారు. విశ్రాంతి తీసుకోమని ఆమెకు చెప్పే ధైర్యం ఎవరికుంది?

మాట్లాడేవాళ్లు ఉన్నా వినపడకపోతే? ఇక్కడ మన బద్ధకం ఖరీదు చాలా ఎక్కువ. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు దారితీసే 14 కారణాలను లెక్కించింది. వాటన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చంది. వినికిడి లోపం, చూపు లోపం, ఒంటరితనం మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. వినపడని మనిషి మొదట “ఆఁ?” అంటాడు, తర్వాత ఊరికే తలూపుతాడు, ఆ తర్వాత చబూత్రాకు రావడమే మానేస్తాడు. హైదరాబాద్ ప్రాంతపు వృద్ధాశ్రమాల్లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు పరీక్షలు చేస్తే సుమారు 30 శాతం మందికి చూపు సరిగా లేదని తేలింది. ఎక్కువమంది విషయంలో కారణం శుక్లం, లేదా సరైన కళ్లజోడు లేకపోవడం. రెండూ బాగుచేసుకోగలిగినవే. కోఠిలో సర్కారు ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, మెహిదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది. పెద్దాయన వద్దంటాడు, మీరు వినకండి.

చివరిగా, ఇల్లు మారే కొడుకులకు. గౌలిపురా ఇల్లు అమ్మి గచ్చిబౌలిలో పన్నెండో అంతస్తులో ఫ్లాటు కొన్నారు. లిఫ్టు ఉంది, జనరేటర్ ఉంది, అమ్మానాన్నలకు అటాచ్డ్ బాత్‌రూమ్ ఉన్న గది ఉంది. అక్కడ లేనిది ఒక్కటే, “అవుపడ్తలేవేంది?” అని అడిగే గొంతు. మారొద్దని అనను, మారక తప్పని ఇళ్లుంటాయి. కానీ మారే ముందే కొత్తచోట వాళ్ల ఈడువాళ్లు ఏ బెంచీ మీద కూర్చుంటారో మీరు వెతికి పెట్టాలి. అమ్మానాన్నలను తీసుకెళ్లి వాళ్లకు మీరే పరిచయం చేయాలి. పాత గల్లీవాళ్ల ఫోన్ నంబర్లు ముందే రాసుకుని ఉంచాలి. పలకరించేవాళ్లు లేక ఇబ్బంది పడే పెద్దల కోసం 14567 అనే ఎల్డర్‌లైన్ ఉంది, ఆ నంబరు గోడ మీద అంటించండి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. వారానికొకసారి అమ్మ తన పాత బస్తీకి వెళ్లి రావచ్చు. మొదటి రెండుసార్లు మీరూ వెంట వెళ్లండి. తర్వాత ఎక్కాల్సిన బస్సు నంబరు పెద్ద అక్షరాలతో రాసి, ఆధార్ కార్డుతోపాటు ఆమె సంచిలో పెట్టండి. నాన్నకు మాత్రం టికెట్ డబ్బులు మీరే ఇవ్వాలి.