గామా పల్సార్ల వేట

భారీ నక్షత్రం పేలిపోగా మిగిలిన ముద్దే న్యూట్రాన్ తార. అది గిర్రున తిరుగుతూ, తిరిగినప్పుడల్లా మనవైపు కిరణం విసిరితే పల్సార్ అంటాం. 1967లో మొదట దొరికింది రేడియో పల్సారే. మరి రేడియోకి వినిపించనివాటిని పట్టేదెలా?

గామా కిరణాలను వాతావరణం అడ్డుకుంటుంది. అందుచేత 2008 జూన్‌లో ఫెర్మి టెలిస్కోపును అంతరిక్షంలోకి పంపారు. ఆ ఏడే సి.టి.ఏ.-1 అనే సూపర్‌నోవా శిథిలంలో ఒక పల్సార్ బయటపడింది. అది సెకనుకు మూడుసార్లకు పైగా తిరుగుతుంది. ఫెర్మికి చిక్కేది మాత్రం నిమిషానికి సుమారు ఒక్క ఫోటాన్! అంటే దాదాపు 190 చుట్లకు ఒకటన్నమాట. ఇందులో నాడి దొరికేదెట్లా?

ప్రతి ఫోటాన్ వచ్చిన వేళను రాసుకుంటారు. భూమి సూర్యుని చుట్టూ తిరగడంవల్ల ఆ వేళలో ఎనిమిది నిమిషాల దాకా తేడా వస్తుంది, దాన్ని సవరిస్తారు. తర్వాత ఒక భ్రమణకాలం ఊహించి, ఫోటాన్లన్నిటినీ ఒకే చుట్టుమీద గుర్తిస్తారు. ఊహ తప్పయితే అవి చుట్టంతా చెదిరిపోతాయి. సరిపోతే ఒకచోట కుప్పపడతాయి, కళ్ళంలో తూర్పారబడితే గింజలు ఒకచోట రాలినట్టు. భ్రమణం నానాటికీ మందగిస్తుంది గనుక ఆ మందగింపునూ ఊహించాలి. ఇలా ఎన్ని కోట్ల ఊహలో! నామట్టుకు నాకు టెలిస్కోపు కంటే ఈ లెక్కే గొప్పగా తోస్తుంది. ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ పథకంలో మామూలు జనం ఇళ్ళలోని కంప్యూటర్లు కూడా ఈ లెక్కలు వేసి కొత్త పల్సార్లను పట్టాయి.

2023 నాటి జాబితాలో గామా పల్సార్లు 294. వాటిలో కొన్నిటినుంచి రేడియో చప్పుడు వినపడనేలేదు.