విజిటింగ్ కార్డు మీద ఏ హోదా?



నేను ఆరవ తరగతి నుండి పదవ తరగతి వరకు ఈ హాస్టల్లోనే ఉండి చదువుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఎం.కాం. అయ్యాక మ్యూచువల్ ఫండ్లు అమ్మే ఒక సంస్థలో చేరాను. చేరిన వారానికే వంద విజిటింగ్ కార్డులు చేతికిచ్చారు. నా పేరు కింద "వెల్త్ అడ్వైజర్" అని ఉంది. ఒక కార్డు ఇస్తే నాన్న చొక్కా జేబులో పెట్టుకొని ఊరంతా చూపించారు.

నెల తిరక్కముందే మన హాస్టల్లో మాకు వండిపెట్టిన వంటమ్మ ఫోన్ చేసింది. "బాబూ, నువ్వు డబ్బుల సలహా చెప్పే ఆఫీసరువంట గదా! అమ్మాయి పెళ్ళికని దాచినవి నలభై వేలున్నాయి. ఎక్కడ పెట్టమంటావు?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. నేను పాసైంది అమ్మేవాళ్ళ పరీక్ష, సలహాదారు పరీక్ష కాదు. ఆ రాత్రి కూర్చొని నిబంధనలు చదివాను. అందులో తెలుసుకున్నవి మీకు చెబుతాను.

ఈ రంగంలో హోదాలు రెండు రకాలు. అసోసియేట్, మేనేజర్, వైస్ ప్రెసిడెంట్ వంటివి సంస్థలోని మెట్లు మాత్రమే. పెద్ద బ్యాంకుల్లో మధ్యస్థాయి ఉద్యోగులు ఎందరో వైస్ ప్రెసిడెంట్లే. రెండో రకం పేర్లకు మాత్రం చట్టం కాపలా ఉంది. అవి:

1. మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్: ఎన్.ఐ.ఎస్.ఎం. వారి సిరీస్ ఐదు-ఎ పరీక్ష పాసై, యాంఫీ నుండి ఎ.ఆర్.ఎన్. నంబరు పొందాలి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర పనిచేసే ఉద్యోగికి ఇ.యు.ఐ.ఎన్. నంబరు ఉంటుంది. కమీషన్ ఫండ్ కంపెనీ ఇస్తుంది.

2. ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్: 2013 నిబంధనల ప్రకారం సెబీ దగ్గర నమోదు కావాలి. సిరీస్ పది-ఎ, పది-బి పరీక్షలున్నాయి. ఫీజు సలహా అడిగినవారే ఇస్తారు.

3. రీసెర్చ్ అనలిస్ట్: ఫలానా షేరు కొనండి, అమ్మండి అని ప్రజలకు నివేదికలిచ్చేవారు. వీరికి 2014 నిబంధనలు వర్తిస్తాయి.

4. ఆథరైజ్డ్ పర్సన్: స్టాక్ బ్రోకరు తరఫున పనిచేసేవారు. పాత "సబ్ బ్రోకర్" అనే వర్గాన్ని సెబీ 2019లో ముగించింది.

సెబీ 2020లో ఇంకో మాట స్పష్టం చేసింది. సలహాదారుగా నమోదు కాని డిస్ట్రిబ్యూటర్లు "ఇండిపెండెంట్ ఫైనాన్షియల్ అడ్వైజర్", "వెల్త్ అడ్వైజర్" లేదా అలాంటి మరే పేరూ వాడరాదు. కారణం వంటమ్మ ఫోనులోనే ఉంది. సలహాదారు అంటే మన మేలు చూసేవాడని జనం నమ్ముతారు. అమ్మేవాడికి కమీషన్ వస్తుందన్న సంగతి ఆ పేరు దాచేస్తుంది.

మా మేనేజరు గారికి చెబితే "పేరులో ఏముందయ్యా, అందరూ వేసుకుంటున్నారు" అన్నారు. నేను కార్డులు పంచడం మానేశాను. నిబంధన ప్రింటు తీసి మళ్ళీ చూపించాను. రెండు నెలలకు "జూనియర్ ఎగ్జిక్యూటివ్, మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూషన్" అని కొత్త కార్డులొచ్చాయి. "చిన్న పేరు రాశారేంరా?" అన్నారు నాన్న. "చిన్నదే గానీ నిజమైంది నాన్నా" అన్నాను. వంటమ్మకు నా కమీషన్ సంగతి చెప్పాను. పెళ్ళి వచ్చే ఏడాదే కాబట్టి ఆ డబ్బు మార్కెట్లో పెట్టవద్దని, బ్యాంకుకు వెళ్ళమని చెప్పాను.

తమ్ముళ్ళూ! రేపు మీరు ఈ రంగంలోకి వస్తే కార్డు మీదైనా, బయోడేటాలోనైనా హోదా రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నాకు డబ్బు ఎవరిస్తున్నారు? ఈ పేరుకు తగిన నమోదు నాకు గానీ, మా సంస్థకు గానీ ఉందా? చదువు రాని మన అమ్మ ఈ పేరు విని ఏమనుకుంటుంది? మూడింటికీ జవాబు సరిపోతేనే ఆ పేరు రాయండి. మన ఇళ్ళలో మొదట చదువుకున్నవాళ్ళం మనమే. మన కార్డును మన వాళ్ళు అనుమానించరు. అందుకే మనకే జాగ్రత్త ఎక్కువ కావాలి.