కాల్‌షీట్ల మధ్య తపస్సు కాలం వంట

తపస్సు కాలంలో మాంసం మానేయడం పెద్ద కష్టం కాదు. పొద్దున ఆరుకి లొకేషన్‌కి వెళ్లి, ప్యాకప్ అయ్యాక ఇల్లు చేరి, అప్పుడు పిల్లల్ని కూర్చోబెట్టుకుని వండటమే కష్టం. ఫిల్మ్ నగర్, జూబ్లీహిల్స్ చుట్టూ పనిచేసే లైట్‌మన్‌లు, మేకప్, కాస్ట్యూమ్ అసిస్టెంట్లు, ఎడిటింగ్ గదుల్లో రాత్రుళ్లు తెల్లవార్చేవాళ్లు, వీళ్లలో క్రైస్తవ కుటుంబాలవాళ్లూ ఉన్నారు. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ అద్దె ఇళ్లలో ఉంటూ ఈస్టర్‌కి ముందు ఈ నలభై రోజులు ఎలా గడపాలా అని ఆలోచించేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

ముందు నియమం ఎంతవరకో తెలిస్తే సగం బరువు దిగిపోతుంది. 1983 నాటి క్యాథలిక్ చట్టం ప్రకారం మాంసం మానాల్సింది శుక్రవారాలూ భస్మ బుధవారమూ. అదీ పద్నాలుగేళ్లు నిండినవాళ్లకే. ఉపవాసం పద్దెనిమిది నిండినవాళ్ల నుంచి యాభైతొమ్మిది నిండేదాకా, అది కూడా భస్మ బుధవారం, గుడ్‌ఫ్రైడే రెండు రోజులే. చేపకి, గుడ్డుకి, పాలకి అడ్డు లేదు. మన ఇళ్లలో చాలామంది నలభై రోజులూ నీసు ముట్టరు. అది వాళ్ల భక్తి, గౌరవించాల్సిందే, కానీ చట్టం అడిగింది అంత కాదు. సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు కుటుంబాల్లో వీటిని శ్రమ దినాలంటారు. అక్కడ ఏం మానాలన్నది ఎక్కువగా ఎవరి తీర్మానం వాళ్లదే.

అందుకే నా సలహా ఒకటే. చిన్నపిల్లలున్న ఉద్యోగి నలభై రోజుల వంట నెత్తినెత్తుకోవద్దు. వారానికి ఒక్క పూట, శుక్రవారం రాత్రి భోజనం, పిల్లల చేతులు పడేలా వండండి. షూటింగ్ ఆలస్యమయ్యే వారమైతే ఆ పూటను గురువారం రాత్రికి జరుపుకుని, శుక్రవారానికి కావలసింది అప్పుడే సిద్ధం చేసుకోండి. మిగతా రోజులు పప్పో చారో, ఏదో ఒకటి గడిచిపోతుంది.

లొకేషన్ భోజనం సంగతి ముందే తేల్చుకోవాలి. అడగడానికి మొహమాటపడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మాల వేసుకున్న అయ్యప్ప స్వాముల భోజనం సంగతి చూడటం ప్రొడక్షన్ వాళ్లకి కొత్త కాదు. మీరు అడిగేది అంతకంటే చాలా తక్కువ. బ్రేక్‌లో ప్లేటు పట్టుకున్నాక కాదు, ముందురోజు ప్యాకప్ వేళ, రేపటి భోజనాల లెక్క చెప్పేటప్పుడే అడగండి. "అన్నా, రేపు శుక్రవారం. మేం నలుగురం నీసు తినం, వెజ్‌లో లెక్కేయండి" అంటే చాలు. ఒక్కరు విడిగా అడిగేకన్నా నలుగురి పేర్లూ కలిపి ఒకరు చెప్పడం మేలు. లైట్లు దించి ఆఖరున తినడానికొచ్చే డిపార్ట్‌మెంట్ వాళ్లు బ్యాగులో పచ్చడి సీసా, ఉడికించిన గుడ్లు పెట్టుకుంటే ఇంకా నిశ్చింత.

ఉపవాసమూ ఉండాలనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. తపస్సు కాలం మన ఎండలు ముదిరే కాలం. ఖాళీ కడుపుతో స్కాఫోల్డింగ్ ఎక్కి లైటు బిగించొద్దు. బరువు పని చేసేవాళ్లకి, జబ్బుపడ్డవాళ్లకి, గర్భిణులకి ఉపవాసంలో సడలింపు ఎప్పటినుంచో ఉంది. మీ ఫాదర్‌నో పాస్టర్‌నో అడిగి తెలుసుకోండి. మజ్జిగ సీసా మాత్రం దగ్గరుంచుకోండి.

ఇక వంట. పిల్లలకి అప్పగించేది నిజమైన పనై ఉండాలి. వాళ్లు చేయకపోతే కూర ఆగిపోవాలి. మార్చిలో చింతచిగురు మొదలవుతుంది. ఐదేళ్ల పిల్లకి కూడా అది అరచేతుల మధ్య నలపడం వచ్చు. నలిపితే లేత ఆకు విడిపోతుంది, పుల్లలు, ఈనెలు మిగులుతాయి. వాటిని ఏరి పక్కన పెట్టడం తమ్ముడి వంతు. కంది పప్పు కుక్కర్‌లో పెట్టి మీరు స్నానం చేసి వచ్చేసరికి చిగురు సిద్ధంగా ఉంటుంది. చిగురు దొరక్కపోతే పచ్చి మామిడికాయ పప్పు. బాగా అలసిపోయిన రోజు పచ్చిపులుసు చేయండి: చింతపండు పిసికేది ఒకరు, ఉల్లిపాయ వలిచేది ఒకరు, మీరు మిరపకాయలు కాల్చి, నువ్వులు వేయించి దంచి కలిపితే అయిపోయింది. పన్నెండేళ్లు దాటినవాళ్లకి మీరు పక్కనుండి కత్తిపీట, పొయ్యి నేర్పండి. "కూరలో ముక్క లేదా?" అని మారాం చేసేవాళ్లకి మీల్ మేకర్ మంచి ఉపాయం, ఎండు మీల్ మేకర్‌లో బరువులో సుమారు సగం మాంసకృత్తులే. వేడినీళ్లలో నానినవాటిని గట్టిగా పిండే పని పిల్లలకే వదిలేయండి, ఎంత పిండితే మసాలా అంత పడుతుంది.

లాటిన్ అమెరికా కుటుంబాల్లోనూ ఈ కాలపు వంటలో పిల్లల చేయి ఉంటుంది. ఈక్వడార్‌లో పవిత్ర వారంలో ఫనెస్కా అనే చిక్కటి పులుసు కాస్తారు. పన్నెండుమంది అపొస్తలుల గుర్తుగా పన్నెండు రకాల గింజలు, ఉప్పుచేప, గుమ్మడి, పాలు పడతాయి. ఆ గింజల తొక్కలు ఒలవడానికి ఇల్లంతా కూర్చోవాలి. మెక్సికోలో కాపిరొటాడా చేస్తారు: ఎండిన రొట్టె ముక్కలు, బెల్లం పాకం, దాల్చినచెక్క, లవంగాలు, ఎండుద్రాక్ష, జున్ను. దాల్చినచెక్క సిలువ మాను, లవంగాలు మేకులు అని అక్కడి పెద్దలు పిల్లలకి చెబుతారు. హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలకి ఇది వినగానే డబుల్ కా మీఠా గుర్తొస్తుంది. రొట్టె ముక్కలు వేయించే పని మీది, పాకంలో ముంచి పళ్లెంలో పేర్చే పని వాళ్లది. సిలువ మార్గం ప్రార్థనకి వెళ్లొచ్చిన శుక్రవారం రాత్రికి ఇంతకంటే మంచి తీపి నాకు తోచదు.

మాంసానికి పెట్టని డబ్బు ఏమవుతోందో పిల్లలకి కనబడాలి. అమెరికా క్యాథలిక్ ఇళ్లలో 1975 నుంచి రైస్ బౌల్ అనే అట్టపెట్టె ఆనవాయితీ ఉంది. తిండిలో మిగిల్చింది అందులో వేసి ఆకలిగొన్నవాళ్లకి పంపుతారు. మీ ఇంట్లో పాత బిస్కెట్ డబ్బా చాలు. ఎవరికివ్వాలో పిల్లలే చెప్పనివ్వండి. కాల్‌షీట్లు లేక ఇంటికే పరిమితమైన పొరుగింటి కుటుంబం పేరు చెప్పినా ఆశ్చర్యపోకండి. ఈ పేటల్లో ఆ సంగతి పిల్లలకి మనకంటే ముందే తెలుస్తుంది.

స్కూల్లో స్నేహితుడిచ్చిన చికెన్ పఫ్ తినేసి వచ్చాడని పిల్లాణ్ని తిట్టొద్దు. పద్నాలుగు నిండని వాడికి చట్టమే వర్తించదు, మీ కోపం ఎందుకు? మర్నాటి వంటలో ఏం చేస్తావని అడగండి.

చివరిగా సెలవు మాట. గుడ్‌ఫ్రైడే ప్రభుత్వ సెలవే గానీ షూటింగ్‌కి కాదు. రోజు కూలీ మీద బతికేవాళ్లకి ఆ ఒక్కరోజు మానడమంటే ఒకరోజు కూలీ, బేటా పోవడమే. కాబట్టి కనీసం రెండు వారాల ముందే మేనేజర్‌కి చెప్పి, మీ బదులు వచ్చే మనిషిని మీరే మాట్లాడిపెట్టండి. అతని పండగరోజు అతని బదులు మీరు పనికి వెళ్లండి. ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన ఉన్న ఆదివారం సంగతీ అప్పుడే చెప్పేయండి.