వరద తర్వాత వచ్చే రెండో ఆపద



మన మొయినాబాద్‌కు ఒకవైపు గండిపేట, మరోవైపు హిమాయత్ సాగర్ ఉన్నాయి. వాటిని ఎందుకు కట్టారో మనలో చాలామందికి తెలియదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలాది మంది చనిపోయారు. మళ్లీ అలా జరగకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు ఎగువన జలాశయాలు కట్టాలని సూచించారు. అలా మూసీ మీద గండిపేట 1920లో, ఈసా నది మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. 2020 అక్టోబరులో, కరోనా కాలంలోనే, కుండపోత వానలకు హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు. నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి.

వరద మొదటి ఆపద. మురుగు కలిసిన నీళ్లు తాగితే వచ్చే కలరా, విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు రెండో ఆపద. వాన మన చేతిలో లేదు కానీ ఈ రెండో ఆపదను ఆపడం చాలావరకు మన చేతిలోనే ఉంది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు గ్లూకోజు, ఉప్పు, సోడా కలిపిన నీళ్లు తాగించారు. వందకు ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు తగ్గాయి. ఆ నీళ్లే నేటి ఓఆర్ఎస్.

ఇది మనకెందుకు అంటారా? మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక వానాకాలం మా గదిలో ఒకడికి విరేచనాలు మొదలై రెండు రోజుల్లో తొమ్మిది మందికి పాకాయి. నీళ్లు తాగితే ఇంకా ఎక్కువవుతాయని మేమే వాళ్లను తాగనివ్వలేదు. అందులో ఒకడు స్పృహ తప్పాడు. ఆసుపత్రిలో బతికాడు. తప్పు చేశామని తర్వాత చదువుకుంటే తెలిసింది. మీరు ఆ తప్పు చేయకూడదనే ఇది రాస్తున్నాం.

గుర్తుంచుకోవలసినవి:

1. ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపాలి. చెంచాలు సమంగా ఉండాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. కొద్దికొద్దిగా తాగిస్తూనే ఉండాలి.

2. కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా వెంటనే వార్డెన్ సార్‌కు చెప్పి 108కి ఫోన్ చేయాలి.

3. ట్యాంకుకు మూత ఉండాలి. వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ బకెట్ నీళ్లలో కలిపి, పైన తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట తర్వాతే వాడాలి.

4. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగాలి.

5. ఒకే రోగం ముగ్గురికి వస్తే దాచవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలియజేయాలి.

శరణార్థి శిబిరాలకు కూడా ప్రపంచంలో ఒక కొలత ఉంది. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. ఈ కొలతతో మన హాస్టల్‌ను ఒకసారి లెక్కపెట్టండి. తక్కువైతే లెక్క రాసి, అందరూ సంతకాలు చేసి అడగండి. అది గొడవ కాదు, మన హక్కు.